పాత బండి ఇంజన్ చప్పుడు: విప్పక ముందు వినాల్సినవి

పాత మోటారుసైకిల్‌ను "ఇంజన్‌లో ఏదో సౌండ్ వస్తోంది" అంటూ షెడ్డుకు తీసుకెళ్తే, మెకానిక్ కిక్ కొట్టి, రెండుసార్లు రేజ్ చేసి, చెయ్యి తుడుచుకుంటూ "బోరు పోయింది సార్, ఇంజన్ దించాలి" అనడం మామూలే. ఆ మాట ఒక్కోసారి అక్షరాలా నిజం. ఇంకోసారి ఇంజన్ మొత్తం విప్పి, బోరు కొట్టించి, కొత్త పిస్టన్ వేసి, మళ్లీ ఎక్కించి స్టార్ట్ చేస్తే అదే చప్పుడు అదే చోట నుంచి వినిపిస్తుంది. తీరా చూస్తే సైలెన్సర్ బెండు దగ్గర ప్యాకింగ్ కాలిపోయి ఉంటుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఎలుక దొరికిందని సంతోషించాలో, కొండ తవ్విన ఖర్చుకు ఏడవాలో తెలియదు.

ఇంజన్ చప్పుళ్ల గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు. కంపెనీ సర్వీస్ మాన్యువళ్లలో లోపాల పట్టికలుంటాయి. అనుభవం పండిన మెకానిక్‌ల చెవులున్నాయి. "ఈ సౌండ్ వస్తే ఇదే ప్రాబ్లం" అని చెప్పే వీడియోలు కోకొల్లలు. శబ్దాన్ని గీతలుగా చూపించే ఫోన్ యాప్‌లు కూడా వచ్చాయి. వీటిలో ఎక్కువ భాగం ఒకే దారి పడతాయి: చప్పుడు ఎలాంటిదో చెప్పండి, జబ్బేమిటో చెబుతాం అంటాయి. టిక్‌టిక్ అయితే టాపెట్లు, గలగల అయితే టైమింగ్ చైన్, ఠక్‌ఠక్ అయితే కనెక్టింగ్ రాడ్. ఈ పట్టికను పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ ఒకరికి టకటకగా వినిపించింది ఇంకొకరికి కటకట. ఫోన్ మైకులో పడేసరికి రెండూ చిటచిటలే. చప్పుడు ఎలా ఉందన్న దాని కంటే ఎప్పుడు వస్తోంది, దేనితో పాటు మారుతోంది, ఏం చేస్తే ఆగుతోంది అన్న మూడు ప్రశ్నలే ఎక్కువ నిజం చెబుతాయి. ఈ సంగతి పాత మెకానిక్‌లకు తెలుసు. వాళ్లు చెప్పరు, చేతులతో చేసుకుపోతారు. మనం చూసి కూడా గమనించం.

మన ఊళ్లలో ఇంకా తిరుగుతున్న పాత బండ్లను ఇంజన్ నిర్మాణాన్ని బట్టి మూడు గుంపులు చేయొచ్చు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, ఆ ఇంజన్‌తోనే 1994లో వచ్చిన స్ప్లెండర్ ఒక గుంపు. 97.2 సీసీ, 50 మిల్లీమీటర్ల బోరు, దాదాపు పడుకోబెట్టిన సిలిండర్, హెడ్‌లో కామ్‌షాఫ్ట్, దాన్ని తిప్పే టైమింగ్ చైన్. రెండోది మద్రాసు తిరువొత్తియూరులో తయారైన పాత ఇనప సిలిండర్ బుల్లెట్. 346 సీసీ, నిలువు సిలిండర్, పుష్‌రాడ్లు, గేర్‌బాక్సు విడిగా. మూడోది టూస్ట్రోక్ బండ్లు: 1985 నుంచి 1996 దాకా వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100, మైసూరులో తయారైన జావా, యెజ్డీలు. ఈ మూడింటికీ ఒకే పట్టిక పెట్టుకుంటే తప్పటడుగు ఖాయం. ఆర్‌ఎక్స్‌లో టాపెట్లే లేవు. పాత బుల్లెట్‌లో కామ్‌లను తిప్పేవి పళ్ల చక్రాలు, టైమింగ్ చైన్ లేదు. స్ప్లెండర్‌లో రోగం కిందే లెక్క అయిన చప్పుడు బుల్లెట్‌లో పుట్టుకతో వచ్చిన అలవాటు కావచ్చు.

ఇవన్నీ గాలితో చల్లబడే ఇంజన్లు. శబ్దాన్ని అణచడానికి చుట్టూ నీళ్ల పొర లేదు. రెక్కలు మాత్రం బోలెడు. లోపల చిన్న తాకిడి జరిగినా ఆ రెక్కలు దాన్ని బయటికి మోస్తాయి. పైగా లోహంలో శబ్దం చాలా వేగంగా, చాలా దూరం పోతుంది కాబట్టి చప్పుడు గట్టిగా వినిపించే చోటు, అది పుట్టిన చోటు ఒకటే కానక్కర్లేదు. స్ప్లెండర్ టైమింగ్ చైన్ క్రాంక్ దగ్గర మొదలై హెడ్ దాకా పోతుంది. అది వదులైతే ఎడమవైపు పొడుగునా ఎక్కడ చెవి పెట్టినా గలగలే.

మరి విచారణ ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంజన్‌లో కాదు, ఇంజన్ బయట. ఇంజన్‌ను ఫ్రేముకు పట్టే బోల్టులు, సైలెన్సర్ క్లాంపు, చైన్ కవరు, ఫుట్‌రెస్టు, నంబరు ప్లేటు, సైలెన్సర్ మీది కాళ్లు కాలకుండా ఉండే రేకు, బుల్లెట్ హెడ్‌ను ఫ్రేముకు కలిపే పట్టీ: వీటిలో ఏది వదులైనా ఒకానొక ఇంజన్ వేగం దగ్గర ఉన్నట్టుండి అదురుతుంది, ఆ వేగం దాటగానే మాయమవుతుంది. ఒక్క వేగం దగ్గరే వచ్చి పోయే చప్పుడు ఎక్కువగా బయటిదే. ఇంజన్ తిరుగుతుండగా ఒక్కోదాన్ని చేత్తో, వేడిగా ఉన్నచోట మడిచిన గుడ్డతో నొక్కి పట్టుకుంటే దొంగ దొరికిపోతాడు. సైలెన్సర్ లోపలి జాలీ ఊడినా ఇలాగే గలగలమంటుంది. ఇంజన్ ఆపి, సైలెన్సర్ చల్లారాక రబ్బరు సుత్తితో తట్టి చూస్తే సరి.

సైలెన్సర్ బెండు హెడ్‌కు కలిసే చోట ప్యాకింగ్ పోతే వచ్చే చప్పుడు అచ్చం టాపెట్ చప్పుడే. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకున్న ప్రతిసారీ వేడి గాలి సందులోంచి టిక్కుమంటూ బయటపడుతుంది కాబట్టి లయ కూడా అదే. తేడా పట్టేది ఎక్సలేటర్: బరువు లాగేటప్పుడు ఇది బాగా పెరుగుతుంది, టాపెట్ చప్పుడు అంతగా పెరగదు. జాయింటు చుట్టూ నల్లటి మసి ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. స్పార్క్ ప్లగ్ సరిగా బిగియకపోయినా ఇలాంటి "చఫ్ చఫ్" వస్తుంది. దానికి మందు ప్లగ్ స్పానరు.

ఇక బండి పరుగుకు సంబంధించినవి. రోడ్డు మీద వెళ్తూ క్లచ్ పట్టి, ఎక్సలేటర్ వదిలి, బండిని దొర్లనివ్వండి. ఇంజన్ వేగం పడిపోయింది, చక్రం వేగం పడిపోలేదు. చప్పుడు చక్రంతో పాటు కొనసాగుతోందా? అయితే ఇంజన్‌కు సంబంధం లేదు. చైన్ స్ప్రాకెట్లు, చక్రం బేరింగులు, బ్రేకు డ్రమ్ము, చివరికి గ్రీజు ఎండిన స్పీడోమీటరు కేబుల్ కూడా కావచ్చు. చలికాలం పొద్దున్నే వచ్చే ఆ కేబుల్ కీచుమనే కూత విని ఇంజన్ పట్టేసిందేమోనని బెంబేలెత్తినవాళ్లున్నారు. చప్పుడు సరిగా వినాలంటే ప్రహరీ గోడ పక్కగా నెమ్మదిగా నడపండి. గోడ శబ్దాన్ని తిప్పి చెవిలో వేస్తుంది. హెల్మెట్ తీయక్కర్లేదు.

తర్వాతి పరీక్ష క్లచ్ లీవరు. న్యూట్రల్‌లో ఇంజన్ తిరుగుతుండగా లీవరు లాగండి, వదలండి. లాగగానే గరగర ఆగిపోతే క్లచ్ బెల్, దాని స్ప్రింగులు, గేర్‌బాక్సు షాఫ్టు బేరింగు వైపు చూడాలి. లాగినప్పుడే చప్పుడు మొదలైతే క్లచ్‌ను నొక్కే బేరింగు అరిగింది. రెండు సందర్భాల్లోనూ సిలిండర్ జోలికి పోనక్కర్లేదు. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండానే "బోరు" అనే మెకానిక్ దగ్గర బండి వదలకపోవడం మంచిది. ఒక్క గేరులోనే గుర్రుమంటే ఆ గేరు పళ్లు. అన్ని గేర్లలోనూ, న్యూట్రల్‌లోనూ వస్తే ఇంకెక్కడో.

ఇప్పుడు ఇంజన్ లోపలికి వద్దాం. ఇక్కడ లెక్క ఒకటి గుర్తుంచుకోవాలి. ఫోర్‌స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ రెండుసార్లు తిరిగితే కామ్‌షాఫ్ట్ ఒక్కసారి తిరుగుతుంది. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే ఇంజన్‌లో క్రాంక్ సెకనుకు 25 చుట్లు, కామ్ పన్నెండున్నర. అంటే టాపెట్, రాకర్, కామ్‌ల చప్పుడు ఎప్పుడూ సగం లయలో వస్తుంది. క్రాంక్ బేరింగు గరగర, క్రాంక్ చివర వదులైన మాగ్నెట్ (ఫ్లైవీల్) తాకిడి పూర్తి లయలో వస్తాయి. పిస్టన్, కనెక్టింగ్ రాడ్ చప్పుళ్లు ఈ రెండింటి మధ్య ఊగిసలాడతాయి. పేలుడు రెండు చుట్లకు ఒకసారే కనుక బరువు మీద అవి కూడా సగం లయకు దిగుతాయి. కాబట్టి సగం లయ వినగానే టాపెట్లే అని తేల్చకూడదు. పూర్తి లయ వింటే మాత్రం టాపెట్లు కావని తేల్చొచ్చు. టూస్ట్రోక్‌లో అన్నీ ఒకే లయ, కాబట్టి అక్కడ ఈ లెక్క పనిచేయదు.

చెవితో సెకనుకు పన్నెండు లెక్కపెట్టలేం. ఇక్కడ ఫోన్ నిజంగా పనికొస్తుంది, యాప్‌లు చెప్పే పద్ధతిలో మాత్రం కాదు. ఫోన్ మైకు లోతైన శబ్దాలను సరిగా పట్టదు, పైగా గట్టి శబ్దాన్ని తనంతట తనే తగ్గించేస్తుంది. అందుకే రంగుల పటం చూపించి "బేరింగు పాడైంది" అనే యాప్‌ను నమ్మలేం. కానీ రికార్డు చేసిన శబ్దాన్ని సాగదీసి తరంగాన్ని చూపించే మామూలు ఎడిటింగ్ యాప్‌లో టిక్కు టిక్కుకు మధ్య దూరం కొలవొచ్చు. 1,500 దగ్గర ఆ దూరం 80 మిల్లీసెకన్లుంటే సగం లయ, 40 ఉంటే పూర్తి లయ. ఇంజన్ శబ్దాన్ని కంప్యూటర్‌తో చదివించి ముందు బాగున్న బండి, బాగాలేని బండి అని వేరుచేసి, తర్వాత లోపం ఎక్కడుందో వెతికే పరిశోధన మన దేశంలోనే జరిగింది. కర్ణాటకకు చెందిన బసవరాజ్ అనామి, వీరప్ప పాగి మోటారుసైకిళ్ల మీదే ఈ పని చేసి పత్రాలు ప్రచురించారు. దారి మంచిదే. అయితే వీధి చివర షెడ్డులో పక్కనే గ్రైండర్ తిరుగుతుండగా, నాలుగు చేతులు మారిన బండి మీద అది ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే ప్రశ్న. ఇవాళ్టికి పొడుగాటి స్క్రూడ్రైవరే గెలుస్తుంది. పిడిని చెవి దగ్గరి ఎముకకు ఆనించి, మొనను హెడ్ మీద, సిలిండర్ మీద, మాగ్నెట్ కవరు మీద, క్లచ్ కవరు మీద వరుసగా పెట్టి పోల్చుకోవాలి. ఒక్కచోట విని తీర్పు చెప్పకూడదు, పోల్చడంలోనే అంతా ఉంది. చున్నీ, కండువా, వదులు చొక్కా చేతులు జాగ్రత్త. మూసిన గదిలో ఇంజన్ ఆడించొద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా ప్రాణం తీస్తుంది.

అన్నింటికంటే ఎక్కువ వినిపించేది, అందరూ ఎక్కువగా చెడగొట్టేది టాపెట్ చప్పుడు. సీడీ 100, స్ప్లెండర్ ఇంజన్లకు పాత మాన్యువళ్లు చెప్పిన సందు 0.05 మిల్లీమీటర్లు, అదీ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు అన్నమాట. బండి వేడిగా ఉండగానే, గేజ్ లేకుండా, రాకర్‌ను వేలితో కదిపి చూసి బిగించేసే అలవాటు మన షెడ్లలో పాతుకుపోయింది. సరిగా చేయాలంటే బండి రాత్రంతా ఆగి ఉండాలి. హెడ్‌కు పైనొకటి, కిందొకటి గుండ్రటి టాపెట్ మూతలుంటాయి. ఎడమవైపు మాగ్నెట్ కవరుకు రెండు మూతలు, ఒకటి క్రాంక్ తిప్పడానికి, ఇంకొకటి గుర్తు చూడ్డానికి. ప్లగ్ తీసి, క్రాంక్‌ను గడియారం ముల్లుకు ఎదురుగా మెల్లగా తిప్పితే ఫ్లైవీల్ మీద 'టి' గీత కవరు మీది గాటుకు ఎదురొస్తుంది. ఆ గీత రెండు చుట్లలో రెండుసార్లు వస్తుంది, ఒక్కసారి మాత్రమే పనికొస్తుంది. రెండు రాకర్లూ వేలితో కొద్దిగా కదిలితే అది సరైన చుట్టు. ఒకటి బిగుసుకుని ఉంటే ఇంకో చుట్టు తిప్పాలి. గేజ్ కాగితం లాగినట్టు కాస్త పట్టుతో జారాలి. లాక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా కొద్దిగా తిరిగిపోతుంది కాబట్టి, బిగించాక మళ్లీ గేజ్ పెట్టి చూడని సెట్టింగ్ సెట్టింగే కాదు.

ఇంత చేసినా టిక్‌టిక్ పోకపోతే? రాకర్ మొనలో, వాల్వు కాడ తలలో చిన్న గుంట పడి ఉంటుంది. చదునుగా ఉండే గేజ్ ఆ గుంట మీదుగా పోతుంది కానీ గుంటలోకి దిగదు. గేజ్‌కు సందు 0.05, నిజానికి సందు అంతకు రెట్టింపో మూడింతలో. అప్పుడు మార్చాల్సింది రాకర్‌ను. చాలామంది మెకానిక్‌లు ఇక్కడ ఇంకాస్త బిగించి చప్పుడు చంపేస్తారు. కస్టమర్ చెవికి సుఖం, వాల్వుకు చావు. సందు లేని ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోదు. సీటుకు ఆనినప్పుడే వాల్వు తన వేడిని హెడ్‌కు వదిలిపెడుతుంది, ఆనకపోతే అంచు కాలుతుంది. బండి చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్టయి, వేడెక్కాక ఎంత కిక్ కొట్టినా కదలకపోతే, ఇటీవలే టాపెట్లు "సెట్" చేయించి ఉంటే, ముందు అనుమానించాల్సింది ఇదే. కొద్దిగా టిక్‌టిక్‌మనే పాత ఇంజన్ కంటే పూర్తిగా నిశ్శబ్దమైన పాత ఇంజన్ నన్ను ఎక్కువ భయపెడుతుంది.

టైమింగ్ చైన్ వేరే రకం. ఎక్సలేటర్ ఇచ్చి ఒక్కసారిగా వదిలినప్పుడు, లేదా స్లోలో నిలకడగా తిరుగుతున్నప్పుడు గలగలమంటుంది. వేగం స్థిరంగా పెంచి పట్టుకుంటే తగ్గుతుంది, ఎందుకంటే చైన్ ఒకవైపు బిగుసుకుంటుంది. స్ప్లెండర్‌లో చైన్‌తో పాటు దాన్ని నొక్కే టెన్షనర్ రాడ్డు, స్ప్రింగు, గట్టిపడిన రబ్బరు రోలర్లు కూడా నేరస్థులే. చైన్ ఒక్కటే మార్చి రోలర్లు వదిలేస్తే కొన్నాళ్లకే గలగల తిరిగొస్తుంది.

పిస్టన్ చప్పుడును ఉష్ణోగ్రత పట్టిస్తుంది. అల్యూమినియం పిస్టన్ వేడికి వ్యాకోచించేది ఇనప సిలిండర్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు. అందుకే అరిగిన బోరులో చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ అటూ ఇటూ కొట్టుకుని, వేడెక్కాక బోరు నిండి సద్దుమణుగుతుంది. పొద్దున్నే రెండు మూడు నిమిషాలు దడదడలాడి తర్వాత ఆగిపోయే చప్పుడుకు ఇంజన్ దించడం తొందరపాటు. నీలం పొగ, ఆయిల్ తగ్గడం, పికప్ పడిపోవడం కూడా తోడైతేనే బోరు మాట ఎత్తాలి. పాత ఇనప బుల్లెట్లలో ఈ పొద్దుటి దడదడ సహజం. టాపెట్ల విషయంలోనూ వాటి దారి వేరే. సిలిండర్ కింద కుడివైపు మూత తీస్తే పుష్‌రాడ్ల అడుగులు కనిపిస్తాయి. చల్లగా ఉన్నప్పుడు రాడ్డు వేళ్ల మధ్య స్వేచ్ఛగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలకూడదు. గేజ్ అక్కర్లేదు, ఓపిక కావాలి. బుల్లెట్ ఎడమవైపు నుంచి చర్‌చర్‌మంటే ముందు ప్రైమరీ చైన్ చూడండి, అది వదులై కవరును గీకుతుంటుంది. హైడ్రాలిక్ లిఫ్టర్లున్న తర్వాతి బుల్లెట్లలో టాపెట్ సెట్టింగే లేదు. స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్ల టిక్‌టిక్, ఆయిల్ పైకి చేరగానే పోతే పట్టించుకోనక్కర్లేదు.

వేడెక్కే కొద్దీ పెరిగే చప్పుడు మంచిది కాదు. ఆయిల్ పలచబడ్డాక బేరింగుల్లోని సందు బయటపడుతుంది. కనెక్టింగ్ రాడ్ పెద్ద బేరింగు పోతే లోతైన ఠక్‌ఠక్ వస్తుంది, బరువు మీద పెరుగుతుంది, ఫుట్‌రెస్టుల్లో కాళ్లకు తెలుస్తుంది. ఇదే నిజంగా ఇంజన్ దించే రోగం. కానీ సంతకం పెట్టే ముందు ఒక్క పని చేయించండి. ఎడమ కవరు తీసి మాగ్నెట్ నట్ బిగువుగా ఉందో లేదో, మాగ్నెట్ క్రాంక్ మీద కదులుతోందేమో చూపించమనండి. కుడివైపు క్రాంక్ చివరి నట్ కూడా. ఇవి వదులైతే వచ్చే ఠక్‌ఠక్ బేరింగు చప్పుడు నుంచి వేరుచేయడం పండిన మెకానిక్‌కు కూడా కష్టం. ఇవి గట్టిగా ఉంటే ప్లగ్ తీసి, పిస్టన్ దారి మధ్యలో ఉన్నప్పుడు సన్నటి కడ్డీని దాని మీద ఆనించి, క్రాంక్‌ను చేత్తో కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కీ తిప్పండి. కడ్డీ కదలకుండా క్రాంక్ మాత్రం కదులుతుంటే ఆ ఖాళీ రాడ్డు బేరింగులదే. సిలిండర్ ఎలాగూ తీశారంటే రాడ్డును పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడాలి. ఆ దిశలో ఏ కొంచెం ఆట ఉన్నా పోయినట్టే. పక్కలకు కొద్దిగా కదలడం మాత్రం మామూలే, దాన్ని చూపించి క్రాంక్ పని అంటగట్టేవాళ్లు ఉంటారు.

టూస్ట్రోక్ గుంపులో చిన్న బేరింగు, అంటే పిస్టన్ పిన్ను దగ్గరిది, త్వరగా పోతుంది. అక్కడికి ఆయిల్ పెట్రోల్‌తో కలిసి చేరాల్సిందే. ఆర్‌ఎక్స్ 100లో ఆ పని విడిగా ఉన్న ఆయిల్ పంపుది. పంపు కేబుల్ సెట్టింగు తప్పినా, ట్యాంకు ఖాళీ అయినా చప్పుడుగా మొదలై పిస్టన్ పట్టేయడంతో ముగుస్తుంది. బండి ఆగినట్టు ఈడ్చుకుపోతే వెంటనే క్లచ్ పట్టాలి, ఇది ఆర్‌ఎక్స్ నడిపేవాళ్లందరికీ మొదటి పాఠం. స్లోలో ఒక పేలుడు వదిలి ఒకటి పేలడం మాత్రం టూస్ట్రోక్‌కు పుట్టుకతో వచ్చిందే, రోగం కాదు.

నాకింగ్‌ను దేనితోనూ కలపకూడదు. ఇది భాగాలు తగిలే చప్పుడు కాదు, పెట్రోల్ మంట తప్పుగా రగిలే చప్పుడు. శ్రీశైలం ఘాట్‌లోనో అరకు ఘాట్‌లోనో ఇద్దరిని ఎక్కించుకుని పై గేరులో లాగుతుంటే కణకణమంటుంది, గేరు తగ్గించగానే పోతుంది. కార్బన్ పేరుకోవడం, పాయింట్ల ప్లేటు జరిగి టైమింగ్ ముందుకు పోవడం, పెట్రోల్ పలచగా అందడం, అతి వేడి కారణాలు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చాక చాలామంది నాకింగ్‌కు దాన్నే తిడుతున్నారు. ఇందులో సగమే నిజం. ఇథనాల్ ఆక్టేన్‌ను పెంచుతుంది, అంటే నాకింగ్‌కు విరుగుడే. కానీ కార్బొరేటర్ బండికి అదే జెట్‌లోంచి వచ్చే మిశ్రమాన్ని అది కాస్త పలచన చేస్తుంది, వేడి పెంచుతుంది. కార్బొరేటర్ శుభ్రంగా ఉండి, జెట్ సరైనదైతే పాత బండికి ఇథనాల్ నాకింగ్ తేదు.

చెవి చెప్పినదాన్ని ఆయిల్‌తో సరిచూసుకోవాలి. స్ప్లెండర్ ఇంజన్‌లో పట్టేది లీటరుకు కాస్త అటూ ఇటూ. అందులో పావు వంతు తగ్గినా చప్పుడు మారుతుంది. సెంటర్ స్టాండు మీద, ఇంజన్ ఆపి కొన్ని నిమిషాలయ్యాక, స్టిక్కును బిగించకుండా ఆనించి చూడాలి. పాత ఆయిల్‌ను పారబోసే ముందు తెల్లటి పళ్లెంలో పోసి ఎండలో చూడండి. అయస్కాంతానికి అంటుకునేది ఉక్కు: గేర్లు, బేరింగులు, చైన్. అంటుకోని తెల్లటి తళుకు అల్యూమినియం: పిస్టన్, హెడ్. పసుపు తళుకు బుష్‌లది. సన్నటి బూడిద రంగు మెరుగు పాత ఇంజన్‌కు మామూలే, వేలికి తగిలే ముక్కలు మామూలు కాదు. కుడి కవరు లోపల గుండ్రంగా తిరిగే ఫిల్టరు మూత విప్పి, గోడలకు పేరుకున్న మడ్డిని కూడా తీయించాలి. చాలా బండ్లలో ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ ముట్టుకోరు.

చప్పుడు తగ్గించడానికి చిక్కటి ఆయిల్ పోయడం, డబ్బా మందులు కలపడం ఊరూరా ఉన్నదే. కొన్ని మందులు జారుడు పెంచి ఆయిల్‌లో తడిసే క్లచ్‌ను జారేలా చేస్తాయి. అలాంటి క్లచ్‌కు సరిపడే ఆయిల్ అని తెలిపే 'జాసో ఎంఏ' గుర్తున్నది చాలు. సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. మీరు వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంటే పిస్టన్ చప్పుడు దాచి ఉండొచ్చు. హెడ్ మీద చెయ్యి పెట్టి చూసి, వేడిగా ఉంటే మర్నాడు పొద్దున్నే వస్తానని చెప్పండి. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకండి.

ఎప్పుడు బండి ఆపాలి? ఉన్నట్టుండి మొదలైన లోహపు చప్పుడు, చప్పుడుతో పాటు పికప్ పడిపోవడం, బరువు మీద పెరుగుతూ పోయే లోతైన ఠక్‌ఠక్: ఈ మూడింటిలో ఏది వచ్చినా ఇంజన్ ఆపి తోసుకెళ్లడమే. మిగతావన్నీ నెమ్మదిగా ఇంటికి చేర్చే చప్పుళ్లే.

ఇక షెడ్డుకు వెళ్లేటప్పుడు "సౌండ్ వస్తోంది" అని మాత్రం చెప్పకండి. చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, క్లచ్ పడితే ఏమైంది, దొర్లనిస్తే ఏమైంది, చివరిసారి ఆయిల్ ఎప్పుడు మార్చారు, టాపెట్లు ఎప్పుడు ముట్టుకున్నారు, ఇవి చీటీ మీద రాసివ్వండి. మంచి మెకానిక్ దాన్ని చదువుతాడు. ఇంజన్ దించక తప్పదని తేలితే, లేత్ షాపులో బోరు ఎంత అరిగిందో కొలిపించి ఆ అంకె రాయించుకోండి, వేసే ఓవర్‌సైజ్ పిస్టన్ 0.25 మిల్లీమీటర్లదా 0.50దా అడగండి, తీసేసిన పాత పిస్టన్, రింగులు, రాకర్లు, బేరింగులు అన్నీ సంచిలో వేసి ఇమ్మనండి. ఇవ్వనంటే మరో షెడ్డు చూసుకోండి.